కోళ్లు వద్దన్న గింజలు

జులై మూడో తారీకు పొద్దున తిరుపతి కొర్లగుంటలోని ఆ మేడమీది ఆఫీసుకు వచ్చిన అమ్మాయి, కూర్చోమన్నా కూర్చోలేదు. బంగారుపాళ్యం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో నలిగిపోయిన దినపత్రిక ఉంది. అందులో వాళ్లమ్మ ఫొటో, దాని కింద 'అంబలిలో విషం కలిపిన వంటమనిషి' అని పెద్దక్షరాలు.

"మాయమ్మ కలపలేదు మేడమ్. ఆ మాట వినేవాళ్లు ఎవురూ లేరు. మీరు వింటారని ఎవురో చెప్తే వచ్చినాను" అంది.

ఆమె పేరు గ్రేసీ. ఇంట్లోనే మిషన్ పెట్టుకొని బట్టలు కుడుతుంది. బల్లకు అవతల కూర్చున్న చంద్రకాంతమ్మకు అరవై రెండేళ్లు. ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో విషాల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై, ఇప్పుడు ప్రైవేటుగా కేసులు చూస్తోంది. ఆమె సహాయకుడు ధనంజయ నలభై దాటినవాడు. చిత్తూరు కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. ఒకసారి ఆమె బోనెక్కి చెప్పిన సాక్ష్యం విని, నెల తిరక్కుండా ఆ పని మానేసి ఈమె దగ్గర చేరాడు. చేరినందుకు ఒక్కనాడూ బాధపడలేదు.

గ్రేసీ చెప్పుకుపోతుంటే ధనంజయ రాసుకున్నాడు. బంగారుపాళ్యం హైవే పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. తోతాపురి సీజన్‌లో నూట ఇరవై మంది ఆడవాళ్లు అక్కడ కాయలు కోసే పని చేస్తారు. పొద్దున పదింటికి వాళ్లకు తలా ఒక గ్లాసు అంబలి పోస్తారు. వండేది గ్రేసీ తల్లి గంగులమ్మ. జూన్ పన్నెండు నుంచి ఒక్కొక్కరికీ నోరు మండటం మొదలైంది. తర్వాత వాంతులు, నోట్లో పుళ్లు. పద్నాలుగు మంది ఆసుపత్రిలో చేరారు. ఇరవై ఆరున వాళ్లలో అమల అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి చనిపోయింది. గ్రేసీతో కలిసి బడికి పోయిన పిల్ల, పక్కింటి పిల్ల. ఇరవై ఎనిమిదిన పోలీసులు క్యాంటీను సోదా చేస్తే, బియ్యం డ్రమ్ము వెనక పురుగుమందు డబ్బా దొరికింది. గంగులమ్మ చేతుల నిండా పొక్కులున్నాయి. మందు కలుపుతుంటే ఒలికి అట్లా అయిందన్నారు. క్యాంటీను కాంట్రాక్టరు ఏకాంబరం ఆమెను పని మాన్పిస్తానని బెదిరించాడనీ, ఆ కోపంతోనే చేసిందనీ రాసుకున్నారు. పైగా ఆ అంబలి ఒక్కనాడూ తాగనిది ఆమె ఒక్కతే.

"ఎందుకు తాగలేదు?" అని అడిగింది చంద్రకాంతమ్మ.

"మిగిల్తే కదా మేడమ్ తాగేదానికి. అందరికీ పోసేసరికి అండా అడుగు కనిపిస్తాది. ఇంటికొచ్చి మూడింటికి అన్నం తింటాది."

చంద్రకాంతమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, ఆ అద్దాలు తుడుచుకోవడం మాత్రం ఎక్కువవుతుందని ధనంజయకు తెలుసు.

మధ్యాహ్నానికి ముగ్గురూ చిత్తూరు సబ్ జైల్లో ఉన్నారు. గంగులమ్మ కటకటాల అవతల నిలబడి చేతులు చూపించింది. మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం పొక్కి, ఎండి, పొరలు లేస్తోంది. ముక్కు పక్కల, కనురెప్పల మీద కూడా ఎర్రటి మచ్చలున్నాయి. చంద్రకాంతమ్మ ఆ రెప్పల వైపు చాలాసేపు చూసింది.

"పిండి జల్లించేది ఎవురమ్మా?"

"నేనే తల్లీ. మునుపంతా రాగిపిండే. జూన్ అయిదో తారీకు నుంచి మొక్కజొన్న పిండి కూడా కలపమన్నారు. మేనేజరు సారు కూలోళ్ల కోసరం ఊరికే ఇచ్చినాడంట. ఆ పిండి కొంచెం బూజు వాసన వస్తాండె. ఏకాంబరానికి చెప్తే, ఉడికితే అంతా పోతాది, నీ పని నువ్వు చూసుకో అన్నాడు."

అంబలి ఎట్లా పులిసేదని చంద్రకాంతమ్మ అడిగింది. ఎప్పటిలాగే, తెల్లారేసరికి బుడగలొచ్చి చక్కగా పులిసేదని గంగులమ్మ చెప్పింది. డిటెక్టివ్ అదే ప్రశ్న ఇంకోసారి అడిగింది. ఎందుకు రెండుసార్లు అడిగిందో ధనంజయకు అర్థం కాలేదు.

అప్పుడు గ్రేసీకి ఒక సంగతి గుర్తొచ్చింది. అమ్మ ఇంటికి తెచ్చిన రెండు పడుల మొక్కజొన్న పిండిలో కొంత మైదాతో కలిపి, ఈస్టు వేసి, ఆదివారం ప్రార్థనకు బన్నులు చేద్దామనుకుంది. ముద్ద పొంగలేదు. ఈస్టు పాతదేమో అనుకుని, అదే పాకెట్టులోని ఈస్టును ఉత్త మైదాలో వేసి చూసింది. అది గంటలో పొంగింది. పొంగని ముద్దను పారేసింది. మిగిలిన పిండి ఇంకా డబ్బాలోనే ఉంది.

"ఆ డబ్బా ఎవురూ ముట్టుకోకుండా చూడు తల్లీ. అది నాకు కావాల" అంది చంద్రకాంతమ్మ.

వెళ్లబోతుంటే గంగులమ్మ పిలిచింది. "అమల ఎప్పుడూ ఇంకొంచెం పొయ్యి పెద్దమ్మా అని అడిగేది. నేను పోసేదాన్ని."

సాయంత్రం స్టేషన్లో కలిసిన, ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ మోహన్‌కృష్ణ మర్యాదస్తుడే. అయితే కేసు ముగిసిపోయిందని నమ్మినవాడి మర్యాద అది. సీలు వేసిన సంచిలో ఉన్న డబ్బాను చూపించాడు. దాని మీద అచ్చు వేసిన బ్యాచ్ నంబరు, తయారీ తేదీ జూన్ ఇరవై, అన్నీ చంద్రకాంతమ్మ ధనంజయతో రాయించింది. తర్వాత ఆసుపత్రి కాగితాలు చూడాలని అడిగింది. పురుగుమందు కేసనే పోలీసు మాట మీద డాక్టర్లు దానికే విరుగుడు ఇస్తున్నారు.

"పురుగుమందు తాగినవాళ్లకు నోటెంట చొంగ కారాల. కంటిపాప సూదిమొనంత కావాల. గంటలోనే పడిపోవాల" అందామె ఆ కాగితాలు తిప్పుతూ. "వీళ్లలో ఒక్కరికైనా అట్లా ఉండాదా చూడండి. నోట్లో పుళ్లు, చిగుళ్లలో రక్తం, రక్తంలో తెల్లకణాలు పడిపోవడం. అదీ మూడు వారాల పొడుగునా. అమల కాగితం చూడండి. చివరి రోజు తెల్లకణాలు లెక్కకే దొరకలేదు."

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాన్ని రెండోసారి చదివాడు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లారు. ఏకాంబరం గేటు దగ్గరే అడ్డుపడి, పోలీసులు తేల్చిన కేసులో మీకేం పని అని దురుసుగా మాట్లాడాడు. సరుకు గది తాళంచెవి ఇవ్వనన్నాడు. దోషి వీడేనని ధనంజయ ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాడు. ఫ్యాక్టరీ ల్యాబులో గుజ్జు పరీక్షలు చేసే జాహ్నవి మాత్రం భయపడుతూనే అన్నీ చెప్పింది. జబ్బులు మొదలైనప్పుడు ఆ అంబలిని తనే పరీక్షించింది. జబ్బు తెచ్చే క్రిములు లేవు, పెరుగులో ఉండేలాంటి మంచి బ్యాక్టీరియా మాత్రం పుష్కలంగా పెరిగింది. అందుకే అంబలి బాగుందని రాసిచ్చింది.

"నేను తప్పు చేసినానా మేడమ్?"

"నువ్వు చూసింది సరిగ్గానే చూసినావమ్మా. ఆ కాగితం జాగ్రత్తగా పెట్టుకో."

మేనేజరు జయచంద్ర మనిషి చాలా మంచివాడిలా కనిపించాడు. యజమాని చెన్నైలో ఉంటాడు కాబట్టి పనంతా ఇతనే చూసుకుంటాడు. జబ్బుపడ్డవాళ్లను సొంత కారులో ఆసుపత్రికి చేర్చింది ఇతనే. కాఫీ తెప్పించాడు. గంగులమ్మ ఇట్లాంటి పని చేస్తుందని తను కూడా అనుకోలేదని బాధపడ్డాడు. మొక్కజొన్న సంగతి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. వడమాలపేట దగ్గర తనకొక కోళ్లఫారం ఉంది. దానికని కొన్న గింజలు ఎక్కువైతే పాపం కూలోళ్లకు పనికొస్తాయని ఇచ్చాడు.

"క్యాంటీను మూసినాక ఇరవై మూటలు మిగిలిపోయినాయమ్మా. వృథా చెయ్యడం ఎందుకని ఒకటో తారీకు మిల్లుకు పంపి పిండి పట్టించి, కూలోళ్ల ఇళ్లకే పంచిపెట్టించినాను."

చంద్రకాంతమ్మ తాగుతున్న కాఫీ కింద పెట్టేసింది. మర్యాదకైనా ఇంకో మాట మాట్లాడకుండా లేచి కారు దగ్గరికి నడిచింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా నడవడం ధనంజయ ఎప్పుడూ చూడలేదు.

కూలీల కాలనీలో అరవై ఇళ్లున్నాయి. మొదటి ఇంట్లోనే ఒక తల్లి చిన్నపిల్లకు మొక్కజొన్న సంగటి తినిపిస్తోంది. చంద్రకాంతమ్మ ఆ పళ్లెం పక్కకు లాగేసింది. పిల్ల ఏడ్చింది, తల్లి కేకలు పెట్టింది. డిటెక్టివ్ ఆ పిల్ల నోరు తెరిపించి చూసింది. పెదవి లోపల తెల్లగా పొక్కి ఉంది.

ఆ సాయంత్రమంతా ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి పిండి మూటలు బయటికి తెప్పించారు. గ్రేసీ కూడా వాళ్లతో తిరిగింది. కొందరు ఆమె మొహం మీదే తలుపు వేశారు. అమల తండ్రి ఏబెల్ అయితే గడప దాటి రానివ్వలేదు. గంగులమ్మ మీద ఫిర్యాదు రాసి వేలిముద్ర వేసింది ఆయనే.

"ఆ గంగులమ్మ పంపించిందా మిమ్మల్ని? నా బిడ్డను మింగింది సాలక, ఇచ్చిన పిండి కూడా లాక్కుంటారా?"

చంద్రకాంతమ్మ ఆయనతో వాదించలేదు. ఇంట్లో ముసలామె కనిపిస్తోందని చెప్పి, ఆమెకు నోరు మండుతోందేమో ఒక్కసారి అడగమంది. ఏబెల్ వెనక్కి తిరిగి తల్లిని అడిగాడు. ముసలామె తలూపింది. ఆయన లోపలికి వెళ్లి పిండి మూట తెచ్చి వీధిలోకి విసిరి తలుపు మూసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ధనంజయ అడిగాడు. గంటసేపు ఉడికించిన పిండిలో ఏ క్రిమి బతుకుతుంది?

"ఏదీ బతకదు. బూజు చస్తాది. అది వదిలిపెట్టిన విషం చావదు. పొయ్యి మీద ఎంతసేపు ఉడికినా దానికి ఏమీ కాదు" అందామె. ఆ రాత్రికే ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేసి విషయం చెప్పింది. గ్రేసీ ఇంటి డబ్బాలోని పిండిని, కాలనీలో పోగైన పిండిని ల్యాబుకు పంపింది.

మూడోరోజు వడమాలపేట వెళ్లి జయచంద్ర కోళ్లఫారం చూశారు. అక్కడ పనిచేసే కుప్పయ్య అనే పెద్దాయన కోళ్లు బాగానే ఉన్నాయన్నాడు. చంద్రకాంతమ్మ ఒక కోడిని పట్టి తెప్పించుకుని ముక్కు విప్పి చూసింది. నోటి మూలల్లో మానిన గాయాల గుర్తులు పసుప్పచ్చగా గట్టిపడి ఉన్నాయి. ఇంకో పది కోళ్లు చూసింది, అన్నిటికీ అవే. మేత మూటలన్నీ కొత్తవి.

"మేత ఎప్పుడు మార్చినారప్పా?"

"మే నెల ఆఖర్లో మేడమ్. అవి మేత ముట్టేవే కాదు. ఎందుకనేది సారునే అడగండి. నేను ఇంకేమీ చెప్పకూడదు."

ఆ తర్వాత ఆమె చిత్తూరు వెళ్లి ఇన్‌స్పెక్టర్‌తో గంటసేపు తలుపు వేసుకుని మాట్లాడింది. బయట బెంచీ మీద కూర్చున్న ధనంజయకు ఒక్క మాటా వినబడలేదు. బయటికి వచ్చినప్పుడు మాత్రం మోహన్‌కృష్ణ ముఖం మాడిపోయి ఉంది.

జులై తొమ్మిదిన మూసి ఉన్న క్యాంటీనును తెరిపించారు. బల్లల చుట్టూ జయచంద్ర, ఏకాంబరం, జాహ్నవి, గ్రేసీ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టర్ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అందరికంటే వెనక ఏబెల్, ఆయన వెనక కాలనీ ఆడవాళ్లు. చంద్రకాంతమ్మ నిలబడే మాట్లాడింది.

"ఈ అంబలిలో పురుగుమందు చుక్క కూడా లేదు. ఉన్నది బూజు విషం. పోయిన కార్తీకంలో తుఫాను వాన పడి, చలి రోజుల్లో మొక్కజొన్న మూటలు తడిసి ముద్దయినాయి. ఆ చలిలో, ఆ తేమలో పెరిగే బూజు ఒకటుంది. అది వదిలే విషం పేరు టీ-టూ. ల్యాబు కాగితం నిన్న వచ్చింది.

"మన ఒంట్లో కోట్లాది కణాలు ఉండాయి. ఒక్కో కణంలో ప్రోటీన్ తయారుచేసే చిన్న చిన్న యంత్రాలుంటాయి. పూసకు పూస గుచ్చి దండ కట్టినట్టు అవి ప్రోటీన్‌ను కడతాయి. ఈ విషం సరిగ్గా పూసకు పూస కలిసే చోట దూరి కూర్చుంటాది. దండ అక్కడితో ఆగిపోతాది. ప్రోటీన్ లేకుండా కణం బతకదు. రోజూ కొత్త కణాలు పుట్టాల్సిన చోట్లు ముందు దెబ్బతింటాయి. నోటి లోపలి పొర, పేగులు, ఎముక మూలుగలో రక్తం పుట్టే చోటు. అందుకే నోరు మండింది. అందుకే వాంతులు. అందుకే అమల రక్తంలో తెల్లకణాలు లేకుండా పోయినాయి."

వెనక ఎవరో ఏడుపు ఆపుకున్నారు. చంద్రకాంతమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నాకు మొదట అనుమానం వచ్చింది గంగులమ్మ కనురెప్పలు చూసినాక. మందు ఒలికితే చేతికి అంటుతాది, కనురెప్పకు అంటదు. జల్లెడ పడితే లేచే దుమ్ము వాలేది చేతుల మీద, ముక్కు పక్కన, రెప్పల మీద. ఈ విషం తగిలితే చర్మం కూడా పొక్కుతాది. రెండో సంగతి అంబలి పులవడం. బ్యాక్టీరియాలో కూడా ఆ యంత్రం ఉంది, అయితే దాని తయారీ వేరు. ఈ విషం దాంట్లో ఇమడదు. అందుకే అంబలి ఎప్పటిలాగే పులిసింది, జాహ్నవి పరీక్షలో అంతా బాగున్నట్టే కనిపించింది. ఈస్టు అట్లా కాదు. అది కంటికి కనపడనంత చిన్నదైనా దాని కణం మన కణం జాతిదే. దాని యంత్రం ఆగిపోయింది, గ్రేసీ బన్నులు పొంగలేదు. అంబలిని పులవనిచ్చి, బన్నును పొంగనీయని విషం ఏదని ఆలోచిస్తే, నా ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే."

ఏకాంబరం లేచి, ఆ పిండిలో అంత ఉందని తనకు తెలియదని గొణిగాడు.

"నీకు వాసన తెలిసింది. వండే మనిషి నోరు తెరిచి చెప్పింది. నువ్వు నోరు మూయించినావు. దానికి నువ్వు జవాబు చెప్పాల్సిందే. కానీ అది విషమని నీకు తెలీదు. తెలిసినవాడు ఇంకొకడున్నాడు."

ఆమె జయచంద్ర వైపు తిరిగింది.

"నీ కోళ్లు మేలో మేత మానేసినాయి. వాటి నోళ్లకు పొక్కులొచ్చినాయి. నువ్వు గింజలు పరీక్షకు పంపించినావు. మే ముప్పైన కాగితం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు ఆ ల్యాబు నుంచి నకలు తెప్పించినారు. దాంట్లో ఏముందో నేను చదవను. నువ్వే చదువు."

మోహన్‌కృష్ణ కాగితం బల్ల మీద పెట్టాడు. జయచంద్ర దాని వైపు చూడలేదు. జాహ్నవి అందుకొని చదివింది. టీ-టూ విషం మోతాదు మించి ఉన్నందున ఈ గింజలు కోళ్లకు గానీ పశువులకు గానీ మేతగా పనికిరావు, పూడ్చిపెట్టవలెను.

"కోళ్లకు ఆపేసినావు. ఆరు రోజుల్లో మనుషులకు మొదలుపెట్టినావు" అంది చంద్రకాంతమ్మ. "అమల పోయినాక కూడా ఆపలేదు. గోడౌనులో ఆనవాలు లేకుండా చెయ్యాలని మిగతాది పసిపిల్లల పళ్లేల్లోకి పంచిపెట్టినావు. గంగులమ్మ చేతుల పొక్కులు చూసి, దానికి తగినట్టు డబ్బా తెచ్చి పెట్టినావు. తొందరలో దాని మీది తేదీ చూసుకోలేదు. జూన్ పన్నెండున జబ్బు మొదలైతే, ఆ డబ్బా తయారైంది జూన్ ఇరవైన. ఆ బ్యాచ్ నంబరు పట్టుకొని పోతే పుత్తూరులో అమ్మిన కొట్టు దొరికింది. ఇరవై ఏడున నీకే అమ్మినానని ఆ కొట్టాయన రాసిచ్చినాడు."

జయచంద్ర బల్ల మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "రాగిపిండిలో కలిపి ఉడికిస్తే ఏమీ కాదనుకున్నాను" అన్నాడు చివరికి. "కోళ్లంటే సున్నితం. వీళ్లు ఎట్లాంటిదైనా తిని అరిగించుకునే మనుషులు కదా అనుకున్నాను."

ధనంజయ ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఇన్నేళ్ల కోర్టు పనిలో అతను హంతకుల మాటలు చాలా విన్నాడు. ఇంత మామూలుగా అన్న మాట వినలేదు.

ఏబెల్ ముందుకు వచ్చాడు. కొడతాడేమోనని ఇన్‌స్పెక్టర్ కదిలాడు. ఏబెల్ కొట్టలేదు.

"సారూ, నోరు మండతాందని నా బిడ్డ మీ ముందరికి వచ్చి చెప్పింది. మజ్జిగ తాగు, తగ్గిపోతాదని అన్నారంట. అది ఇంటికొచ్చి సంతోషంగా చెప్పింది, సారు ఎంత మంచోడు నాయనా అని." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "మీకు అప్పుడు కూడా తెలుసు."

మోహన్‌కృష్ణ జయచంద్రను లేపి బయటికి తీసుకెళ్లాడు. ఆడవాళ్లు దారి ఇచ్చారు గానీ ఎవరూ పక్కకు చూడలేదు. అతను జీపు ఎక్కేదాకా అందరూ అతని ముఖం వైపే చూశారు.

ఆసుపత్రిలో ఉన్న పదమూడు మందికి మందులు మార్చారు. రక్తం ఎక్కించారు. ఇద్దరికి మాత్రం ఇంకా గడ్డుగా ఉంది, మిగతావాళ్ల నోటి పుళ్లు మానుతున్నాయని డాక్టరు ఫోన్ చేశాడు. సంగటి తిన్న చిన్నపిల్ల తేరుకుంది. పద్నాలుగున కోర్టు గంగులమ్మను విడిచిపెట్టింది.

ఆరోజు సబ్ జైలు గేటు దగ్గర గ్రేసీ, ధనంజయ, చంద్రకాంతమ్మ ఎండలో నిలబడ్డారు. రోడ్డుకు అవతల ఒక ఆటో పక్కన ఏబెల్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. గంగులమ్మ బయటికి వచ్చి కూతుర్ని పట్టుకుని, తర్వాత ఆయన్ని చూసి ఆగిపోయింది. మూడు అడుగులు వెనక్కి కూడా వేసింది.

ఏబెల్ రోడ్డు దాటి వచ్చాడు. ఆమె ముందర నిలబడ్డాడు. వంగి ఆమె బట్టల మూట అందుకోబోతే గంగులమ్మ వదల్లేదు.

"ఆ బిడ్డ అడిగితే పోసినానప్పా" అంది. "నా చేత్తోనే పోసినాను."

"నీ చేతిది కాబట్టే అడిగింది అక్కా" అన్నాడు ఏబెల్. "పద. మాయమ్మ నీ కోసరం అన్నం వండిపెట్టి కూర్చోనుంది."

గంగులమ్మ మూట వదిలింది. గ్రేసీతో కలిసి ముగ్గురూ ఆటో ఎక్కారు.